పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో గ్రహాంతరవాసి సొంత గ్రహాన్ని ఊహించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఇంటిల్లిపాదీ కలిసి పాత సైన్స్ ఫిక్షన్ సినిమా చూస్తూ, తెర మీది గ్రహాంతరవాసి ఏ గ్రహం వాడో కథ ముగిసేలోగా చెప్పాలని పందెం వేసుకునే అలవాటు చాలామందికి ఉంది. పందెం వేయడం తేలికే, చిక్కంతా జవాబు తేల్చే దగ్గర వస్తుంది. ఒకరు ఏ సినిమాకైనా అంగారకుడనే అంటారు, ఇంకొకరు ఫోనులో వెతికి సినిమాలో ఎవరూ పలకని పేరొకటి చదువుతారు, మూడోవారు నాయకుడి మాటను తప్పుగా విని దాని మీదే పట్టుబడతారు. ఆధారం చూపి ఊహించడానికి, ఊహకు మార్కులు వేయడానికి ఒక పద్ధతి చెప్పమని పాఠకులు తరచు అడుగుతున్నందున ఆ పద్ధతిని వరసగా ఇక్కడ ఇస్తున్నాను. ఇది 1950 నుంచి 1980ల తొలినాళ్ల దాకా వచ్చిన సినిమాలకు సరిపోతుంది. ఉదాహరణల్లో కొన్ని కథల గుట్టు బయటపడుతుంది, కాబట్టి చూడని సినిమా పేరు కనబడితే ఆ పేరా వదిలేసి ముందుకు సాగవచ్చు.

1. సినిమా మొదలుపెట్టే ముందు

ఆటలో కూర్చున్న తరవాత ఫోను ముట్టుకోకూడదన్న నియమం పెట్టుకుంటే, కావలసినవన్నీ ముందే కాగితం మీద ఉండాలి.

☐ సినిమా విడుదలైన సంవత్సరం, తీసిన దేశం, మనం చూస్తున్నది మూల భాషా ప్రతో డబ్బింగ్ ప్రతో
☐ 1 మైలు = 1.609 కిలోమీటర్లు
☐ 10 లక్షలు = 1 మిలియన్; 1 కోటి = 10 మిలియన్లు
☐ కాంతి వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. ఒక కాంతి సంవత్సరం సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు
☐ సూర్యుడి తరవాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాల దూరం

వీటితో పాటు, భూమి నుంచి ఒక్కో గ్రహం ఎంత దగ్గరకు వస్తుందో, ఎంత దూరం పోతుందో తెలిపే చిన్న పట్టిక ఒకటి రాసుకోవాలి. ఈ ఆటలో అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చేది ఇదే.

బుధుడు: 7.7 కోట్ల నుంచి 22.2 కోట్ల కి.మీ.
శుక్రుడు: 3.8 కోట్ల నుంచి 26.1 కోట్ల కి.మీ.
అంగారకుడు: 5.5 కోట్ల నుంచి 40.1 కోట్ల కి.మీ.
బృహస్పతి: 58.8 కోట్ల నుంచి 96.8 కోట్ల కి.మీ.

శని, ఆపై గ్రహాలు ఇంతకంటే ఎంతో దూరంలో ఉంటాయి. వాటి అవసరం అరుదు.

2. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో తేల్చుకోవడం

"ఎక్కడి వాడు" అన్న ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి: అతడి జాతి పుట్టిన గ్రహం ఏది, ఇప్పుడు కాపురం ఎక్కడ, భూమికి బయల్దేరింది ఎక్కడి నుంచి. ఎక్కువ సినిమాల్లో మూడిటికీ ఒకే జవాబు ఉంటుంది. లేనప్పుడే గొడవ.

జపాన్ సినిమా 'ది మిస్టీరియన్స్' (1957) ఇందుకు మంచి ఉదాహరణ. అందులో వచ్చినవారి సొంత గ్రహం ఒకప్పుడు అంగారకుడికి, బృహస్పతికి నడుమ తిరిగేదనీ, లక్ష ఏళ్ల కిందట అణుయుద్ధంలో అది ముక్కలైతే మిగిలినవారు అంగారకుడికి పారిపోయారనీ కథ. అంగారకుడని రాసినవారు రెండో ప్రశ్నకు, పేలిపోయిన గ్రహమని రాసినవారు మొదటి ప్రశ్నకు సరైన జవాబు రాసినట్టు. అందుకని సినిమా మొదలయ్యే ముందే "జాతి పుట్టిన గ్రహానికే మార్కులు" అని అందరూ ఒప్పుకోవాలి.

3. విడుదలైన సంవత్సరంతో మొదటి వడపోత

పాత సినిమాను ఈనాటి విజ్ఞానంతో తూచకూడదు. ఆ సంవత్సరానికి జనం ఏమనుకునేవారో అదే కొలత. రెండు తేదీలు గుర్తుంటే చాలా వరకు పని జరుగుతుంది.

1962 డిసెంబరులో మారినర్ 2 నౌక శుక్రుడి పక్కగా వెళ్లి, అక్కడి నేల మాడిపోయేంత వేడి అని రూఢి చేసింది. అంతకు ముందు శుక్రుడి మబ్బుల కింద చిత్తడి నేలలు, అడవులు ఉండవచ్చని రాసిన పెద్దలు లేకపోలేదు. 1965 జులైలో మారినర్ 4 పంపిన 22 ఫొటోల్లో అంగారకుడి నేల చంద్రుడి నేలలా గుంటలు పడి బోసిగా కనబడింది. ఆ తరవాత పక్క గ్రహాల వారు తెర మీద క్రమంగా పలచబడి, దూరపు నక్షత్రాల వారు పెరిగారు.

దీన్నిబట్టి ఆట మొదట్లోనే, ఒక్క దృశ్యమైనా చూడక ముందే, ఒక తొలి అంచనా రాసి పెట్టుకోవచ్చు.

1962 ముందు సినిమా: మొదట అంగారకుడు, తరవాత శుక్రుడు.
1962–65 నడుమ: శుక్రుడికి అవకాశం తగ్గించాలి కానీ పూర్తిగా కొట్టేయకూడదు, ఎందుకంటే సినిమావాళ్లకు వార్త ఆలస్యంగా అందుతుంది.
1965 తరవాత: సౌర కుటుంబం బయటే మొదటి అంచనా.

తొలి అంచనా అంటే తీర్పు కాదు. తెర మీద ఆధారం దొరికిన క్షణంలో దాన్ని కొట్టేసే మనసు ఉండాలి.

4. మాటలను మూడు వరసల్లో రాయడం

కాగితాన్ని నిలువుగా మూడు భాగాలు చేయాలి. మొదటి వరసలో గ్రహాంతరవాసి గానీ కథ చెప్పే గొంతు గానీ చెప్పినది, రెండో వరసలో భూలోకపు పాత్రలు ఊహించినది, మూడో వరసలో పోస్టరు, సినిమా పేరు, ప్రచారం చెప్పినది. పేరు సినిమాలో భాగం కాదా అని అడిగేవారుంటారు. ఎందుకు వేరు చేయాలో అయిదో మెట్టులో తెలుస్తుంది.

మొదటి వరసకు పూర్తి విలువ ఇవ్వాలి. 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' (1953) మొదట్లో కథకుడి గొంతు మన సౌర కుటుంబంలోని గ్రహాలను ఒక్కొక్కటిగా చూపిస్తూ, అంగారకవాసులకు అవి ఎందుకు పనికిరావో చెప్పుకొస్తుంది. అంటే ఏరివేసే పని మనకు లేకుండా సినిమాయే చేసిపెట్టింది. విచిత్రమేమిటంటే అందులో శుక్రుడి ఊసే రాదు. పక్కింటిని వదిలేసి ఊరంతా తిరిగిన ఆ లెక్క చూసి నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది.

రెండో వరసను అనుమానంతో చూడాలి. సైన్యాధికారి కంగారులో అన్న మాట, విలేకరి టెలిఫోనులో అరిచిన మాట ఆధారాలు కావు. శాస్త్రవేత్త పాత్ర ఏదైనా కొలిచి చెబితే మాత్రం సగం విలువ ఇవ్వవచ్చు.

'ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్' (1956)లో వచ్చింది మనిషి కాదు, విత్తనం. ఏళ్ల తరబడి అంతరిక్షంలో కొట్టుకొచ్చి ఒక రైతు పొలంలో నాటుకున్నట్టు ఒక పాత్ర చెబుతుంది. ఎక్కడి నుంచన్నది ఎవరూ చెప్పరు. ఇలాంటి చోట "సినిమా చెప్పలేదు" అన్నదే సరైన జవాబు. దానికి పూర్తి మార్కులు పడాలి.

5. అంకె దొరికితే లెక్క కట్టడం

ఆటలో అసలు రుచి ఇక్కడే ఉంది. సినిమాలో దూరం గానీ ప్రయాణ కాలం గానీ పలికితే వెంటనే ఆపి, రాసుకుని, లెక్క చేయాలి.

'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' (1951)లో క్లాటూ అనే అతిథి వాషింగ్టన్‌లో దిగి, గాయపడి ఆసుపత్రిలో ఉండగా ప్రభుత్వ ప్రతినిధి చూడటానికి వస్తాడు. ప్రయాణానికి ఎంతకాలం పట్టిందంటే మీ నెలల్లో సుమారు 5 నెలలనీ, ఎంత దూరమంటే మీ మైళ్లలో సుమారు 25 కోట్లనీ క్లాటూ జవాబిస్తాడు. ఏ గ్రహమో మాత్రం చెప్పడు, మనం ఇరుగుపొరుగు అనుకోండి అంటాడు. ఇక మన పని మొదలు.

మొదటి లెక్క: 25 కోట్ల మైళ్లను 1.609తో హెచ్చవేస్తే సుమారు 40.2 కోట్ల కిలోమీటర్లు.

రెండో లెక్క: ఆ దూరాన్ని కాంతి దాటడానికి 22 నిమిషాలు చాలు. అతి దగ్గరి నక్షత్రం నుంచి కాంతి రావడానికే నాలుగేళ్లు దాటుతుంది కాబట్టి క్లాటూ మన సౌర కుటుంబం వాడే. నక్షత్రాలన్నీ ఒక్క గీతతో కొట్టేయవచ్చు.

మూడో లెక్క: పట్టికలో చూస్తే బృహస్పతి ఎంత దగ్గరకు వచ్చినా 58.8 కోట్ల కిలోమీటర్లు తగ్గదు. అది పోయింది, దాని పైవన్నీ పోయాయి. నేరుగా కొలిచిన దూరమైతే బుధుడు, శుక్రుడు అంత దూరం ఎన్నడూ పోరు. అంగారకుడు ఒక్కడే, అదీ సూర్యుడికి ఆవలి వైపు చిట్టచివరి దూరంలో ఉన్నప్పుడు, 40.1 కోట్లతో ఆ అంకెకు ఆనుకుంటాడు.

నాలుగో లెక్క: 40.2 కోట్ల కిలోమీటర్లను 150 రోజులతో భాగిస్తే రోజుకు 26.8 లక్షలు, అంటే సెకనుకు సుమారు 31 కిలోమీటర్లు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే వేగం సెకనుకు సుమారు 29.8 కిలోమీటర్లు. క్లాటూ చెప్పిన రెండు అంకెలూ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయి, వేగం కూడా నమ్మలేనంతది కాదు.

ఇక్కడ ఆగిపోయి అంగారకుడని రాసేయడం తొందరపాటు. నౌకలు తీగ లాగినట్టు నేరుగా పోవు, వంపు తిరిగి పోతాయి. శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయల్దేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్య చేరేసరికి 65 కోట్ల కిలోమీటర్లకు పైగా తిరిగింది. చేరిన రోజున రెండు గ్రహాల నడుమ నేరు దూరం అందులో సుమారు మూడో వంతే. క్లాటూ చెప్పినది తిరిగిన దారి పొడవైతే శుక్రుడు కూడా మళ్లీ బరిలోకి వస్తాడు. అందుకని ఈ సినిమాకు నేను రాసే తీర్పు ఇది: సౌర కుటుంబంలోని వాడన్నది గట్టి మాట, అంగారకుడన్నది మొగ్గు, శుక్రుడన్నది కొట్టేయలేనిది.

పేరులోని అంకెను ఎందుకు వేరే వరసలో పెట్టాలో ఇప్పుడు చూద్దాం. '20 మిలియన్ మైల్స్ టు ఎర్త్' (1957)లోని జీవి శుక్రుడి నుంచి వచ్చిందని సినిమాయే చెబుతుంది. అక్కడికి వెళ్లి తిరిగొస్తున్న రాకెట్ ఇటలీలోని సిసిలీ దీవి దగ్గర సముద్రంలో కూలుతుంది. పేరులోని 2 కోట్ల మైళ్లు లెక్క కడితే 3.2 కోట్ల కిలోమీటర్లు. శుక్రుడు ఎంత దగ్గరకు వచ్చినా 3.8 కోట్లు తగ్గదు. పేరును నమ్మి లెక్క కట్టినవారికి ఏ గ్రహమూ తగలదు. పోస్టరుకు అందమైన గుండు సంఖ్య కావాలి, అంతే.

6. ఒంటిని చూసి పోల్చడం

అంకె లేనప్పుడు శరీరం చూడాలి. నాలుగు విషయాలు గమనిస్తే సరిపోతుంది.

☐ కాళ్లు, ఎముకలు: సన్నగా, బలహీనంగా ఉంటే గురుత్వాకర్షణ తక్కువైన చోటు. అంగారకుడిది భూమిదానిలో 38 శాతం, శుక్రుడిది సుమారు 90 శాతం.
☐ కళ్లు: వెలుగును ఓర్చుకోలేకపోతే సూర్యుడికి దూరపు చోటు. అంగారకుడికి మనకు అందే ఎండలో సగం కంటే తక్కువే అందుతుంది.
☐ ఊపిరి: తొడుగు లేకుండా మన గాలి పీలుస్తున్నాడా లేదా.
☐ తిండి: ఏది వెతుక్కుని తింటున్నాడు.

'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'లో పాడుపడిన ఇంట్లోకి వచ్చిన అంగారకవాసి సన్నని చేతులతో, మూడు రంగుల కంటితో ఉంటాడు, టార్చి వెలుగు పడగానే వెనక్కి జంకుతాడు. మొదటి రెండు గుర్తులూ అంగారకుడికి సరిపోయాయి.

ఈ మెట్టులో పెద్ద గుంట ఒకటుంది. సిసిలీ దగ్గర కూలిన రాకెట్ నుంచి బయటపడ్డ జీవి గంధకం తింటుంది. శుక్రుడి మబ్బుల్లో గంధకామ్లం ఉందని మనకు తెలుసు కాబట్టి ఆహా అనిపిస్తుంది. అయితే ఆ మబ్బుల సంగతి శాస్త్రవేత్తలు తేల్చింది 1970లలో, సినిమా వచ్చింది 1957లో. అది కాకతాళీయం. సంవత్సరం పక్కన పెట్టి చూడని ఏ గుర్తునూ ఆధారంగా రాయకూడదు.

మనిషి రూపంలో ఉన్నవారి విషయంలో ఈ మెట్టు వదిలేయడం మేలు. నటుడికి వెండి రంగు బట్టలు తొడగడం తేలిక, కొత్త ఒళ్లు తయారుచేయడం ఖర్చు. ఆ పొదుపును గురుత్వాకర్షణగా చదవకూడదు.

7. కనబడిన చోటు సొంత చోటు కాదేమో చూడటం

'ఏలియన్' (1979)కు నూటికి తొంభైమంది తప్పు రాసే చోటు ఇదే. నోస్ట్రోమో నౌక వాళ్లు జీటా రెటిక్యులై దరిదాపుల్లో ఉన్నామని తెలుసుకుంటారు. ఆ నక్షత్రాలు మనకు సుమారు 39 కాంతి సంవత్సరాల దూరంలో నిజంగానే ఉన్నాయి. అక్కడి ఒక ఉపగోళం మీద కూలిపోయిన పరాయి నౌకలో గుడ్లు దొరుకుతాయి. దాంతో అదే ఆ జీవి పుట్టిల్లని రాసేస్తారు. అది సికింద్రాబాద్ స్టేషన్‌లో బండి దిగినవాడిని చూసి, ఇతడిది సికింద్రాబాదే అనడం లాంటిది. నౌక నడిపినవాడూ అక్కడివాడు కాదు, సరుకుగా వచ్చిన గుడ్లూ అక్కడివి కావు. ఆ సినిమా వరకు జవాబు: తెలియదు.

దీనికి ఎదురు ఉదాహరణ 'ఫర్బిడెన్ ప్లానెట్' (1956). భూమి నుంచి బయల్దేరి ఏడాది దాటిన నౌక ఆల్టేర్ నక్షత్రపు గ్రహవ్యవస్థకు చేరుతుంది. మన పంచాంగం చూసేవారు శ్రవణా నక్షత్రమని పిలిచేది దాన్నే. దూరం సుమారు 16.7 కాంతి సంవత్సరాలు. కాంతికే 16 ఏళ్లకు పైగా పట్టే దూరాన్ని ఏడాది పైచిలుకులో దాటారంటే కాంతిని మించిన వేగం కావాలి, సినిమా కూడా అదే ఒప్పుకుంటుంది. అక్కడి నాలుగో గ్రహం ఆల్టేర్-4 మీద ఎన్నడో అంతరించిన క్రెల్ జాతి యంత్రాలు నేల లోపల ఇంకా నడుస్తుంటాయి. ఆ యంత్రాలు, ఆ నగరం అక్కడే కట్టినవి, కాబట్టి క్రెల్‌ల సొంత గ్రహం ఆల్టేర్-4 అని ధైర్యంగా రాయవచ్చు. అదే సినిమాలో రాత్రిళ్లు దాడి చేసే కనబడని భూతానికి మాత్రం ఏ గ్రహమూ లేదు, అది ఆ గ్రహం మీద ఉంటున్న డాక్టర్ మోర్బియస్ అనే మనిషి మనసు లోతుల్లోంచి పుట్టింది. ఈ సినిమా పెట్టినప్పుడు "క్రెల్‌లా, భూతమా" అని ముందే అడిగి తేల్చుకోవాలి.

పరీక్ష సులభం. అక్కడ ఇళ్లు, బడులు, సమాధులు, కట్టడాలు ఉంటే అది కాపురం. కూలిన నౌక, డేరా, గుడ్లు మాత్రమే ఉంటే అది మజిలీ.

8. సందేశాలను, బొమ్మలను అపార్థం చేసుకోకపోవడం

ఆకాశం నుంచి అంకెలు వచ్చాయంటే అవి పంపినవారి చిరునామా కానవసరం లేదు. 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్' (1977)లో రేడియోలో పదే పదే వచ్చిన అంకెలు భూమి మీది అక్షాంశ రేఖాంశాలని తేలుతుంది; అవి అమెరికాలోని వయోమింగ్‌లో ఉన్న డెవిల్స్ టవర్ కొండ దగ్గరకు దారి చూపుతాయి. పిలిచిన చోటు తెలిసింది, పిలిచినవారి ఊరు తెలియలేదు.

'ఇ.టి.' (1982)లో పిల్లలు ఎక్కడి నుంచి వచ్చావని అడిగితే, అతిథి గుండ్రని ముద్దలను గాల్లోకి లేపి తిప్పుతాడు. వేరే సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాలని అర్థం చేసుకోవచ్చు. అంతకు మించి పేరు రాస్తే మార్కులు ఉండవు.

9. భాషా ప్రతిని సరిచూడటం

'ఘిడోరా' పేరుతో 1964లో వచ్చిన జపాన్ సినిమాలో రాకుమారి తనను శుక్రుడి మనిషినని చెప్పుకుంటుంది. అమెరికా కోసం చేసిన ఇంగ్లిష్ ప్రతిలో ఆమె అంగారకుడి మనిషి అయిపోయింది. ఒకే ఇంట్లో ఒకరు ఆ ప్రతి, మరొకరు ఈ ప్రతి చూసి ఉంటే ఇద్దరూ ప్రమాణం చేసి మరీ వాదించుకుంటారు. మూల భాషలో పలికినదే లెక్క. చూస్తున్నది ఏ భాషా ప్రతో ముందే కాగితం మీద రాయమన్నది ఇందుకే.

10. తీర్పు రాసే తీరు

ఒక్క గ్రహం పేరు రాసి ఊరుకోకూడదు. పేరు, స్థాయి, ఆధారం, మూడూ ఒకే వాక్యంలో ఉండాలి. నాలుగు స్థాయిలు చాలు: సినిమా చెప్పింది, లెక్క తేల్చింది, మొగ్గు మాత్రమే, తెలియదు. 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'కు అంగారకుడు, 'ఫర్బిడెన్ ప్లానెట్'లోని క్రెల్‌లకు ఆల్టేర్-4 మొదటి స్థాయికి వస్తాయి. క్లాటూ సౌర కుటుంబం వాడన్నది రెండో స్థాయి, అంగారకుడన్నది మూడో స్థాయి. తెలియని దానికి తెలియదని రాసినవారికి, తెలిసిన దాన్ని రాసినవారితో సమానంగా మార్కులు వేయాలి. వేయకపోతే అందరూ ఏదో ఒక పేరు గిలకడం మొదలుపెడతారు.

11. తరచు జరిగే తప్పులు, వాటి సవరణ

మిలియన్‌ను లక్షగా రాయడం. 250 మిలియన్ల మైళ్లను 250 లక్షలుగా రాస్తే దూరం పదో వంతుకు, అంటే సుమారు 4 కోట్ల కిలోమీటర్లకు పడిపోయి, క్లాటూ శుక్రుడి నుంచి వచ్చినట్టవుతుంది. అంకె వినగానే కోట్లలోకి మార్చి, గట్టిగా చదివి, పక్కవారి చేత సరి అనిపించుకోవాలి.

కాంతి సంవత్సరాన్ని కాలంగా లెక్కించడం. అది దూరం. 39 కాంతి సంవత్సరాలంటే 39 ఏళ్ల ప్రయాణమని కాదు. నౌక వేగం తెలియకుండా ప్రయాణ కాలం రాదు.

తరవాతి భాగాల్లో, నవలల్లో, బొమ్మల పుస్తకాల్లో పెట్టిన పేర్లను మొదటి సినిమాకు అంటగట్టడం. శుక్రుడి నుంచి వచ్చిన ఆ గంధకం జీవిని అభిమానులంతా ఈమిర్ అంటారు, సినిమాలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. తెర మీద పలకని పేరును మూడో వరసలోకి తోసేయాలి.

నిజమైన నక్షత్రం కనబడగానే మిగతాది కూడా నిజమనుకోవడం. ఆల్టేర్ నిజం, దాని నాలుగో గ్రహం కల్పన. 1995లో 51 పెగసై చుట్టూ తిరిగే గ్రహం బయటపడే దాకా, సూర్యుడి లాంటి వేరే నక్షత్రానికి గ్రహం ఉన్నట్టు ఎవరి దగ్గరా రుజువు లేదు. కాబట్టి పాత సినిమాలోని ఏ నక్షత్ర గ్రహాన్నీ నేటి జాబితాలో వెతికి తప్పొప్పులు తేల్చకూడదు.

12. సాధనకు ఒక వరస

మొదట 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'తో మొదలుపెట్టాలి. జవాబు ముందే తెలుసు కాబట్టి ఆరో మెట్టులోని గుర్తులు పట్టడం మీదే దృష్టి పెట్టవచ్చు. రెండోది 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్', కాగితం, పెన్ను పట్టుకుని. ఆసుపత్రి దృశ్యం దగ్గర ఆపి, పై నాలుగు లెక్కలూ చూడకుండా సొంతంగా చేయాలి. మూడోది 'ఫర్బిడెన్ ప్లానెట్', నాలుగోది 'ది మిస్టీరియన్స్'. 'ఏలియన్' ఆఖరున పెట్టాలి. అది పెద్దలకు మాత్రమే తగిన సినిమా, పిల్లలు పడుకున్నాక చూడటం మంచిది. అందరూ జవాబులు రాసి కాగితాలు మడిచిన తరవాతే ఏడో మెట్టు చదివి వినిపించాలి.